పేర్లు తీసేసిన డేటాకి కూడా జనాన్ని అడగాలా?
పేర్లు తీసేసి లక్షల మంది హెల్త్ డేటా పరిశోధనకి వాడుతున్నప్పుడు మళ్లీ జనాన్ని కలుపుకోవడం దేనికని కొందరు అడుగుతుంటారు. ఇంగ్లండ్‌లో కేర్ డాట్ డేటా పథకం ఏమైందో చూడండి. ఫ్యామిలీ డాక్టర్ల దగ్గరున్న రికార్డుల్లోంచి డేటా తీసి ఒకచోట చేర్చాలని, 2014 జనవరిలో ఇంటింటికీ ఒక కరపత్రం పంపారు. మామూలు ప్రకటన కాగితాల మధ్య పడి అది చాలామంది కంట పడనేలేదు, చూసినవాళ్లకైనా ‘మా డేటా వద్దు’ అని రాసిచ్చే ఫారం అందులో లేదు, డాక్టర్‌కే చెప్పుకోవాలి. ఇన్సూరెన్స్ కంపెనీల చేతికి పోతుందేమోనని టెన్షన్ మొదలైంది. ఫిబ్రవరిలో ఆపారు, 2016 జులైలో మూసేశారు.

ఎంతో మేలు చేయగల పని అలా పోయిందే అని నాకు బాధ. అదే ఏడాది చివర్లో మాంచెస్టర్, యార్క్‌లలో మామూలు మనుషుల్ని జ్యూరీగా కూర్చోబెట్టి, నిపుణుల చేత అన్నీ విడమర్చి చెప్పించి, ఇలాంటి డేటా ఎవరితో పంచుకోవచ్చో మీరే తేల్చండి అన్నారు. విషయం తెలిసేకొద్దీ వాళ్లు డేటా పంచుకోవడం వైపే ఎక్కువగా మొగ్గారు, జనానికి మేలు జరిగేటట్టయితే కంపెనీలకి లాభం వచ్చినా సరేనని చాలామంది ఒప్పుకున్నారు.

ఇంకో సంగతి. చిన్న ఊళ్లో అరుదైన జబ్బు, వయసు, పిన్‌కోడ్ ఉంటే చాలు, పేరు లేకపోయినా మనిషెవరో తెలిసిపోతుంది. ఆ ప్రమాదం ముందు ఊళ్లోవాళ్లకే తడుతుంది. అందుకే ఏం పరిశోధించాలో రాసుకునేటప్పుడే వాళ్లని పిలవాలి.