పంపు విప్పించే ముందు ట్యాంకు మూత చూడండి
(పాత తోట ట్రాక్టర్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

ప్రశ్న: మా నిమ్మతోటలో మూడు సిలిండర్ల పాత మినీ ట్రాక్టర్ ఉంది, 18 హెచ్‌పి. రెండేళ్లు షెడ్డులోనే ఉండిపోయింది. ఇప్పుడు స్టార్టవుతోంది కానీ పావుగంట తిరిగాక గుక్కపట్టి ఆగిపోతోంది. కాసేపాగి సెల్ఫ్ కొడితే మళ్లీ అందుకుంటోంది. డీజిల్ పంపు విప్పి క్యాలిబ్రేషన్‌కి (డీజిల్ కొలత సరిచేయించడానికి) పంపాలని మెకానిక్ అంటున్నాడు. పంపమంటారా?
– ఓ రైతు, గూడూరు

జవాబు: ఇప్పుడే వద్దు. మీరు చెప్పిన లక్షణం చూస్తే డీజిల్ పంపు దాకానే సరిగా చేరడం లేదనిపిస్తోంది. ఇంజన్ బాగా చల్లారితే తప్ప స్టార్ట్ కాకపోతే అప్పుడు పంపును అనుమానించవచ్చు.

ముందు పైసా ఖర్చులేని పరీక్ష చేయండి. ఇంజన్ గుక్కపట్టగానే ట్యాంకు మూత వదులు చేయండి. వెంటనే పుంజుకుంటే దోషం మూతదే. మూతలో గాలి పోయే సన్న రంధ్రం ఉంటుంది. దుమ్మూ డీజిలూ కలిసి నల్లటి ముద్దలా అందులో గట్టిపడతాయి. డీజిల్ ఖర్చయ్యే కొద్దీ ట్యాంకులోకి గాలి రావాలి. రాకపోతే డీజిల్ కిందికి దిగదు. బండి ఆపి ఉంచిన ఆ కాసేపట్లో గాలి మెల్లగా లోపలికి చేరుతుంది కాబట్టే మళ్లీ అందుకుంటోంది. సన్న తీగతో రంధ్రం పొడిచి, డీజిల్‌లో కడిగి, కంప్రెసర్ గాలి కొట్టండి.

మూత బాగానే ఉంటే ట్యాంకు మొత్తం ఖాళీ చేయండి. చివరి లీటరు గాజు సీసాలో పట్టి గంటసేపు కదపకుండా ఉంచితే నీళ్లుంటే అడుగున తేరుతాయి. నిలవ డీజిల్‌లో నీళ్లు చేరితే నల్లటి జిగురు కూడా పుడుతుంది. ట్యాంకు అడుగున జాలీ ఉంటే దాన్ని కప్పేసేది అదే. ట్యాంకు కడిగి, ఫిల్టర్ కొత్తది వేయండి. ట్యాంకు నుంచి వచ్చే రబ్బరు పైపును వేళ్లతో వంచి చూడండి. పంపు డీజిల్‌ని లాగే వైపు పైపుకు పగుళ్లుంటే బయటికి చుక్క కారకపోయినా లోపలికి గాలి పీలుస్తుంది. సైకిల్ ట్యూబు ముక్క చుట్టి తీగ బిగించకండి. డీజిల్ తగిలితే ఆ రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. డీజిల్ పైపే కొని, రెండు కొసలకూ క్లిప్పులు వేయండి. డీజిల్ పైపుల కొసలను బిగించే బంజో బోల్టుల కింద రాగి వాషర్లు కొత్తవి దొరక్కపోతే పాతవాటిని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచండి. రాగి మెత్తబడి మళ్లీ సీలు పడుతుంది.

ఆఖరున డీజిల్ పైపుల్లో చేరిన గాలి తీయాలి. ఫిల్టర్ మీది బ్లీడ్ స్క్రూ (గాలి వదిలే స్క్రూ) వదులు చేసి, బుడగలు పోయి డీజిల్ నిండుగా కారేదాకా చేత్తో డీజిల్ ఎక్కించే ప్రైమర్ కొట్టి, బిగించండి. తర్వాత పంపు మీది స్క్రూ దగ్గరా అంతే. ఇంజెక్టర్ల దగ్గర పైపు నట్లు ఒక్క చుట్టు వదిలి సెల్ఫ్ కొట్టండి. డీజిల్ చిమ్మగానే బిగించేయండి. ఆ చిమ్మేచోట చెయ్యి మాత్రం పెట్టకండి, చర్మంలోకి దిగిపోతుంది. సెల్ఫ్ ఒకసారికి పదిహేను సెకన్లు మించొద్దు. అర నిమిషమైనా ఆగి మళ్లీ కొట్టండి.

ప్రశ్న: మామిడితోటలో రోటవేటర్ వేస్తే అరగంటకే వేడి ముల్లు ఎర్రగీత దాటుతోంది. థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా రేడియేటర్‌కి నీళ్లు వదలని వాల్వు) తీసేస్తే సరిపోతుందా?
– నూజివీడు పాఠకుడు

జవాబు: తీయొద్దు. అది లేకపోతే పొద్దున పూట ఇంజన్ సరైన వేడికి రావడానికే చాలాసేపు పడుతుంది. తోటల్లో తిరిగే బండ్లకు రేడియేటర్ రేకుల మధ్య గడ్డి గింజలూ దుమ్మూ మేట వేయడం మామూలే. ముందునుంచి శుభ్రంగానే కనిపిస్తుంది, వెనకనుంచి టార్చి వేస్తే వెలుతురు రాదు. ఫ్యాన్ వైపు నుంచి బయటికి సన్నగా నీళ్లు కొట్టండి. కార్లు కడిగే ప్రెషర్ గన్ వాడితే రేకులు మడత పడతాయి. ఫ్యాన్ బెల్టును మధ్యలో బొటనవేలితో నొక్కితే 10-12 మిల్లీమీటర్లు దిగాలి. బోరునీళ్లు పోస్తే లోపల సున్నం కడుతుంది. కూలెంటే పోయండి.

ప్రశ్న: పామాయిల్ తోటలో వానాకాలమంతా ట్రాక్టర్ కదల్చలేదు. క్లచ్ పూర్తిగా తొక్కినా గేరు పడక గరగరమంటోంది.
– అశ్వారావుపేట పాఠకుడు

జవాబు: తుప్పుతో క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌కి పట్టేసి ఉంటుంది. ముందు పెడల్ ఫ్రీ ప్లే (క్లచ్ పనిచేయడం మొదలయ్యేలోపు పెడల్ వదులుగా కదిలే దూరం) చూడండి. చాలా బండ్లకు 20-30 మిల్లీమీటర్లు ఉండాలి. అది సరిగా ఉంటే న్యూట్రల్‌లో స్టార్ట్ చేసి ఇంజన్ వేడెక్కనిచ్చి, ఆపి, పెద్ద గేరులో పెట్టండి. ఎదురుగా మనుషులూ చెట్లూ లేని చోట క్లచ్ తొక్కిపట్టి స్టార్ట్ చేసి, బ్రేకు తగిలిస్తూ వదులుతూ పోతే చాలాసార్లు ఊడివస్తుంది. రాకపోతే బండి విడదీయాల్సిందే. ఇకపై నెలల తరబడి నిలిపేటప్పుడు క్లచ్ తొక్కిపట్టి కర్ర ముక్క ఆనించండి.

ప్రశ్న: ఇక్కడ పాత కబ్ క్యాడెట్ గార్డెన్ ట్రాక్టర్ కొన్నాను. కోలర్ కె301 పెట్రోల్ ఇంజన్. చోక్ లాగి ఉంచితేనే తిరుగుతోంది. కంప్రెషన్ (సిలిండర్‌లో ఒత్తిడి) గేజి పెడితే చాలా తక్కువ చూపిస్తోంది. సిలిండర్‌ని బోరు చేయించాలా?
– డల్లాస్ నుంచి ఓ పాఠకుడు

జవాబు: ఆ గేజిని నమ్మకండి. స్టార్టింగ్ తేలికవడానికి ఈ ఇంజన్‌లో కంప్రెషన్‌ని వదిలేసే ఏర్పాటు ఉంది. అందుకే ఇంజన్ బాగున్నా రీడింగ్ తక్కువే వస్తుంది. చోక్ లేకుండా నడవట్లేదంటే పెట్రోల్ చాలడం లేదు. ఇథనాల్ కలిసిన పెట్రోల్ శీతాకాలమంతా కార్బురేటర్‌లో నిలవుండి జెట్లలో (పెట్రోల్ వచ్చే సన్న రంధ్రాల్లో) జిగురు కట్టి ఉంటుంది. విప్పి క్లీనర్‌లో నానబెట్టి గాలి కొట్టండి. ఇనుప తీగ దూర్చి రంధ్రం పెద్దది చేయొద్దు. కార్బురేటర్ గాస్కెట్ కూడా మార్చండి. ఇగ్నిషన్ పాయింట్ల గ్యాప్ 0.020 అంగుళం, ప్లగ్ గ్యాప్ 0.035 ఉండాలి. ఈ ఇంజన్‌లో ఆయిల్ పంపు ఉండదు. కనెక్టింగ్ రాడ్ ఆయిల్‌ని చిమ్మితేనే తడి. లెవెల్ తగ్గితే రాడ్ పట్టేసి విరుగుతుంది, ఒక్కోసారి బ్లాకునే పొడుచుకు వస్తుంది. అందుకని ప్రతిసారీ డిప్‌స్టిక్ చూశాకే స్టార్ట్ చేయండి.

ప్రశ్న: మా మినీ ట్రాక్టర్‌లో ఇంజన్ ఆయిల్ పోయకుండానే లెవెల్ పెరుగుతోంది. పర్వాలేదా?
– సంగారెడ్డి పాఠకుడు

జవాబు: స్టార్ట్ చేయకండి. ఆయిల్ పాలు కలిపినట్టు తెల్లబారితే నీళ్లు చేరాయి. హెడ్ గాస్కెట్టో లైనర్ రింగులో పోయుంటాయి. పలచబడి డీజిల్ వాసన వస్తే పంపు లోపల లీకవుతోంది. పంపు విప్పించాల్సింది ఇలాంటప్పుడు. ఆయిల్ ఎక్కువైతే ఇంజన్ దాన్నే ఇంధనంలా తాగి, ఆపినా ఆగకుండా పరుగెత్తవచ్చు. మరమ్మతయ్యాక ఆయిలూ ఫిల్టరూ రెండూ మార్చి, పది గంటలు పని చేయించాక లెవెల్ మళ్లీ చూసుకోండి.