బొమ్మల పెట్టె కొనే ముందు సగం బొమ్మలు సజ్జ ఎక్కించండి

మీ ప్రశ్న చదువుతుంటే రెండేళ్ల కిందటి మా ఇల్లే కనిపించిందండీ. తొమ్మిది నెలల బాబు, కూకట్‌పల్లిలో టూ బెడ్‌రూమ్ ఫ్లాట్, హాలు నిండా బొమ్మలు, అయినా దేనితోనూ రెండు నిమిషాలు ఆడడు, పెద్ద బొమ్మల పెట్టె కొనాలా అని అడిగారు, అత్తగారు వాకర్ కూడా కొనమంటున్నారని రాశారు. రెండూ వద్దు.

మేము ఆ పెట్టె కొన్నాం. పైన ఉన్న రెండు మూడు తప్ప లోపలివి పిల్లలకు కనిపించవు. మా పాప రోజూ దాన్ని బోర్లించి, ఆ కుప్పని చూసి, నా కాళ్ల దగ్గరికొచ్చి ఏడ్చేది. పిల్లకి ఏకాగ్రత లేదేమోనని నాకు ఒకటే టెన్షన్. నిజానికి అన్నప్రాసన నుంచి మొదటి పుట్టినరోజు దాకా వచ్చిన గిఫ్టులన్నీ బయటే ఉన్నాయి, దేన్ని పట్టుకోవాలో దానికి తోచేది కాదు. ఒక ఆదివారం మా ఆయనా నేనూ కూర్చుని అన్నీ అట్టపెట్టెల్లో సర్ది సజ్జ ఎక్కించి, ఐదంటే ఐదే బయట ఉంచాం. అమెరికాలో టోలెడో యూనివర్సిటీ వాళ్లు ఏడాదిన్నర దాటిన పిల్లలకు ఒకసారి 4 బొమ్మలు, ఇంకోసారి 16 బొమ్మలు ఇచ్చి చూస్తే, నాలుగే ఉన్నప్పుడు ఒక్కోదానితో ఎక్కువసేపు, రకరకాలుగా ఆడారట. మా ఇంట్లో వారంలోపే తేడా తెలిసింది. గిన్నెలో గిన్నె పెట్టడం, తీయడం, మళ్లీ పెట్టడం, పదిహేను నిమిషాలు అదే పని, నేను వంటింటి గుమ్మంలో చప్పుడు చేయకుండా నిలబడి చూశాను.

బొమ్మలు పెట్టడానికి టీవీ యూనిట్ కింది అర చాలు, ఒకదానికొకటి తగలకుండా ఎడంగా పెట్టండి, బాబుకి కూర్చుంటే అందాలి. యూనిట్‌ని మాత్రం గోడకి స్క్రూలతో బిగించేయండి, ఇంకో నెలలో దాన్నే పట్టుకుని లేస్తాడు. టీపాయ్ బెడ్‌రూమ్‌లోకి పంపేసి నేల ఖాళీగా వదలండి. మన ఫ్లాట్లలో టైల్స్ మీద మోకాళ్లు జారిపోతాయి, అందుకే మేము కింద జారని రబ్బరు మ్యాట్, దానిమీద మా అమ్మ కుట్టిన పాత బొంత వేశాం, ఇంట్లో సాక్సులు వేయడం మానేశాం.

ఈ వయసుకి ఖరీదైనవి అక్కర్లేదు. రెండు స్టీలు గిన్నెలు, ఒక చెక్క గరిటె, ఒక గుడ్డ బంతి, దాచి వెతకడానికి ఒక చేతిరుమాలు. గుడ్డ కింద పెట్టిన వస్తువు అక్కడే ఉందని పిల్లలకు తెలిసేది ఇంచుమించు ఇప్పుడే కాబట్టి ఆ ఆట వాళ్లకి విసుగు రాదు. శిల్పారామంలో కొన్న ఏటికొప్పాక లక్క గిలక్కాయ మా పాప ఏడాది పైగా వదల్లేదు. కొండపల్లి బొమ్మలు షోకేస్‌లోనే ఉంచండి, అవి నోట్లో పెట్టుకునే పిల్లల కోసం చేసినవి కావు.

వారానికి రెండు మార్చండి, ఐదూ ఒక్కసారి మార్చకండి. నేను అలాగే చేస్తే పాప తన రింగు కోసం రెండు రోజులు ఆ అర దగ్గరే వెతికింది, పాపం.

ఇంకొకటి, ఇది మాత్రం ఈరోజే చూడండి. మాకు గిఫ్టుగా వచ్చిన ఒక పాటల బొమ్మకి బ్యాటరీ మూతకి స్క్రూ లేదు. ఒకరోజు మూత ఊడి, నాణెంలాంటి బ్యాటరీ బొంత మీద దొరికింది. అది గొంతులో ఇరుక్కుంటే 2 గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. నాకు ఇప్పటికీ తలుచుకుంటే చేతులు వణుకుతాయి. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకి ఐఎస్‌ఐ మార్కు తప్పనిసరి, అది లేని ప్లాస్టిక్ బొమ్మ ఎవరిచ్చినా పక్కన పెట్టేయండి. టాయిలెట్ రోల్ అట్టగొట్టంలోంచి దూరిపోయేంత చిన్నది ఏదైనా సరే బాబుకి అందకూడదు.

వాకర్ సంగతి. దానివల్ల నడక త్వరగా రాదు, పైగా పిల్లలు మెట్ల మీంచి దొర్లి పడిపోతున్నారని కెనడాలో 2004లోనే అమ్మకం ఆపేశారు. మా అత్తయ్య కూడా మొదట వాకరే అన్నారు, మూడు చక్రాల చెక్క బండి తెచ్చి చూపిస్తే మా పిల్లలంతా దీనితోనే నడిచారని మురిసిపోయారు. మీవాళ్లకీ అదే చెప్పి చూడండి, కాకపోతే బాబు తనంతట తాను పట్టుకుని లేచి నిలబడేదాకా ఆ బండి కూడా సజ్జ మీదే ఉండనివ్వండి.