పరుగు ప్రాక్టీసులో మోకాలి కింద ఎముక నొప్పి: ఏం చేయాలి?

కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసం రోజూ తారు రోడ్డు మీద 1600 మీటర్లు పరిగెత్తేవాళ్లకు మోకాలి కింద ఎముక లోపలి అంచున వచ్చే నొప్పి చాలావరకు షిన్ స్ప్లింట్సే, అంటే పరుగు ఒత్తిడికి ఎముక నొప్పెట్టడం. ఎముక అలవాటు పడకముందే దూరం పెంచేయడం అసలు కారణం. బూట్ల సంగతి తర్వాత.

ఆ అంచు వెంట వేలితో నొక్కి చూడండి. నాలుగు వేళ్ల మేర నొప్పి ఉంటే షిన్ స్ప్లింట్స్. ఒక్క చోటే చురుక్కుమన్నా, రాత్రి పడుకున్నా సలుపుతున్నా పరుగు ఆపి ఎముకల డాక్టరుకు చూపించండి. సన్నటి పగులు కావచ్చు. మొదటి రెండు మూడు వారాలు అది ఎక్స్‌రేలో తరచూ కనబడదు, ఎంఆర్‌ఐ కావాలి.

మామూలుదైతే రెండు వారాలు పరుగు బదులు సైకిల్, గుడ్డలో చుట్టిన ఐసు 15 నిమిషాలు, మడమలు ఎత్తి దించడం 15 చొప్పున మూడుసార్లు. నడకలో నొప్పి పూర్తిగా పోయాకే మట్టి గ్రౌండులో మళ్లీ మొదలుపెట్టండి. నొప్పి మాత్ర వేసుకుని పరిగెత్తడం మాత్రం వద్దు, ముదురుతున్నా తెలియదు.