కార్తీక స్నానం... అమ్మకు బీపీ ఉంటే?

ప్రశ్న: మా అమ్మకు 62 ఏళ్లు, బీపీ మాత్రలు వాడుతుంది. కార్తీకమాసమంతా తెల్లవారుజామున గోదావరిలో మునుగుతానంటోంది. చన్నీళ్లు ఒంటికి మంచివేగా అంటుంది, నాకేమో టెన్షన్.

జవాబు: మీ భయం సరైనదేనండీ. చన్నీళ్లలో ఒక్కసారిగా మునిగితే చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుని బీపీ, గుండె వేగం పెరుగుతాయి, ఊపిరి అదుపు తప్పుతుంది, అసలు జాగ్రత్త ఆ మొదటి రెండు నిమిషాల్లోనే కావాలి. లాభం లేదని కాదు. నెదర్లాండ్స్‌లో 3,018 మందితో చేసిన 2016 నాటి అధ్యయనంలో, వేడినీళ్ల స్నానం చివర 30 నుంచి 90 సెకన్లు చన్నీళ్లు పోసుకున్నవాళ్లు అనారోగ్య సెలవులు 29 శాతం తక్కువ పెట్టారు. కానీ వాళ్లంతా ఆరోగ్యవంతులు, అమ్మ సంగతి వేరు. ముందు డాక్టర్‌ను అడగండి. ఆయన సరేనంటే మీరూ రేవుకు వెళ్లండి, మెట్ల మీదే కూర్చోబెట్టి చెంబుతో ముందు కాళ్లు, చేతులు తడిపి, తల మీద చివర్లో పోయండి. వెంటనే తుడిచి పొడిబట్టలు కట్టించండి.