గట్టిగా మీటితే తీగ శాడిల్‌లోంచి జారిపోతుంటే

మీరు సొంతంగా గీసి చేయించిన ఆఫ్‌సెట్ గిటార్‌లో (నడుము రెండు వైపులా సమంగా కాక ఏటవాలుగా ఉండేది) గట్టిగా మీటితే లావు ఇ తీగ శాడిల్‌లోంచి (బ్రిడ్జ్ మీద తీగ ఆనే ముక్క) జారిపోతోందని అడిగారు. దానికి కారణం బ్రిడ్జ్ కాదు, దాని వెనక తీగ దిగే కోణం. ఫెండర్ జాజ్‌మాస్టర్ గిటార్‌లోలాగే టెయిల్‌పీస్‌ని (తీగల చివరలు బిగించే భాగం) బ్రిడ్జ్‌కి దూరంగా పెట్టారు కదా, అక్కడ తీగ దాదాపు బల్లపరుపుగా పోతుంది. శాడిల్ మీద ఒత్తిడి చాలదు. 1958లో ఆ గిటార్ వచ్చినప్పుడు లావు తీగలు వాడేవారు కాబట్టి సరిపోయింది. మీ సన్నటి 09 సెట్‌తో (అందులో అన్నిటికన్నా సన్న తీగ 0.009 అంగుళం) కష్టం.

1. ముందు ఇంకా లావైన 11 సెట్ వేయండి.

2. చాలామంది వదిలేసేది ఇదే. తీగలు వదులు చేసి, నెక్ విప్పి, పాకెట్‌లో (బాడీలో నెక్ కూర్చునే గుంట) బ్రిడ్జ్ వైపు లోతుగా, ఎత్తు అంచు అటే ఉండేలా 0.5 డిగ్రీల షిమ్ (ఒక అంచు మందంగా ఉండే పలుచని ముక్క) పెట్టండి. నెక్ కాస్త వెనక్కి వాలి, తీగలు ఫ్రెట్లకు మరీ దగ్గరవుతాయి. అప్పుడు బ్రిడ్జ్‌ని పైకి లేపండి. కోణం పెరిగేది అలా లేపినప్పుడే. షిమ్ పెట్టి ఊరుకుంటే బర్రుమని మోగుతుంది, అంతే.

3. ఇంటోనేషన్ (ప్రతి ఫ్రెట్ దగ్గరా స్వరం సరిగ్గా పలుకుతోందా అన్నది) మళ్లీ చూసుకోండి.

బజ్ స్టాప్ (బ్రిడ్జ్ వెనక తీగలను కిందికి నొక్కిపట్టే పట్టీ) జోలికి ఇప్పుడే పోకండి. బ్రిడ్జ్ వెనక గలగల తగ్గిపోతుంది, ఆఫ్‌సెట్ మీద మోజు సగం దానికోసమే కదా! రెండో బాడీ చెక్కిస్తే పాకెట్‌నే 1 డిగ్రీ వాలుగా కోయించండి.