సైడ్ బి చివర ఐదు నిమిషాలు

ప్రశ్న: ఇష్టమైన పాటలు ఏరి సొంతంగా క్యాసెట్ చేసుకున్నవాళ్లు ఇక్కడ ఉన్నారా? సినిమాలకు బయట సొంతంగా పాడుకునే గాయకులకు మనలాంటివాళ్లం ఎలా అండగా ఉండొచ్చు?

ఉన్నాను. అలా చేసిన క్యాసెట్ ఒకటి ముప్పై ఏళ్లుగా నన్ను సతాయిస్తూనే ఉంది. మీ రెండో ప్రశ్నకు నేను చెప్పగలిగిందంతా అందులోనే ఉంది కాబట్టి ముందు ఆ కథ వినండి.

1995 మే నెల, ప్రొద్దుటూరు. అక్కకు భోపాల్ సంబంధం కుదిరింది. నేను ఇంటర్ చదువుతున్నా. చీర పెట్టే స్తోమత లేదు కాబట్టి క్యాసెట్ చేసిస్తానన్నాను. అప్పట్లో కాగితం మీద పాటల పేర్లు రాసి రికార్డింగ్ షాపులో ఇస్తే, వారం తర్వాత రమ్మనేవాళ్లు. పాటకు రూపాయి, ఖాళీ క్యాసెట్ ఖరీదు వేరే. తొంభై నిమిషాల క్యాసెట్ అంటే సైడ్‌కు నలభై ఐదు. నోట్సు వెనక పేజీలో సెకన్లతో సహా లెక్కలు వేసుకున్నాను. "నూట ఇరవై నిమిషాలది కొనొద్దబ్బీ, రీలు పలచన, చుట్టుకుంటాది" అని షాపాయన మంచి మాటే చెప్పాడు. చెప్పనిది ఏమిటంటే, ప్రతి నాలుగు పాటలకూ ఒకసారి తన గొంతుతో షాపు పేరు, అడ్రసు చదివి పెడతాడని! పెళ్లి కానుకలో ఆయనగారి ప్రకటన. ఇప్పుడు యాప్‌ల మధ్యలో వచ్చే యాడ్‌లను తిడతారు గానీ, ఆ విద్య మా ఊళ్లో ఎప్పుడో ఉంది.

ఇక లాభం లేదని ఇంకో ఖాళీ క్యాసెట్ కొని, పక్కింటివాళ్ల డబుల్ డెక్ (రెండు క్యాసెట్లు పట్టే టేప్ రికార్డర్) అడిగి తెచ్చుకున్నాను. నాలుగు రాత్రులు పాజ్ బటన్ మీద వేలు పెట్టుకుని, షాపాయన ప్రకటనలు తప్పిస్తూ ఒక్కొక్క పాటా ఎక్కించాను. ఇంతా చేస్తే సైడ్ బి చివర ఐదు నిమిషాలు మిగిలాయి.

మా వీధికి శనివారం పూట ఒక పెద్దాయన వచ్చేవాడు. భుజాన తంబూర, చేతిలో చిడతలు. వీరబ్రహ్మంగారి తత్వాలు పాడేవాడు. బ్రహ్మంగారి మఠం మా జిల్లాలోనే ఉంది, తత్వాలు మాకు ఉగ్గుపాలతో వచ్చినవే. కానీ ఆ గొంతు వేరు. పైకి వెళ్లేకొద్దీ బొంగురుపోయి, ఇక తెగిపోతుందేమో అనుకునే చోట నిలబడేది. అక్క పని వదిలేసి గడపలో నిలబడి వినేది.

ఆయన్ను అరుగు మీద కూర్చోబెట్టి, మా టూ ఇన్ వన్ టేప్ రికార్డర్ ముందు పెట్టి, ఎర్ర బటన్ నొక్కాను. మూడో చరణంలో వంటింట్లో కుక్కర్ కూత పెట్టింది. నేను తల పట్టుకున్నాను. ఆయన మాత్రం కూత ఆగేదాకా తంబూర మీటుతూ ఉండి, తర్వాతి మాట అందుకున్నాడు.

పాట అయ్యాక "అబ్బీ, నా గొంతు నాకొకసారి ఇనిపీ" అన్నాడు. స్పీకర్‌కు చెవి ఆనించి మొత్తం విన్నాడు. "ఎవురో గానీ బాగనే పాడినాడే" అని నవ్వాడు. లేస్తూ అడిగాడు: "ఇది ఎంతమంది ఇంటారు?"

"మా అక్క ఒక్కతే తాతా."

ఏమీ అనలేదు. అమ్మ ఎప్పటిలాగే చేటతో బియ్యం తెచ్చి జోలెలో పోసింది, వెళ్లిపోయాడు. పాటలు ఎక్కించిన షాపాయనకు లెక్కగట్టి ఇచ్చినవాణ్ణి, పాట పాడిన మనిషికి రూపాయి ఇవ్వాలని నాకు తోచలేదు. అది ఒక ఎత్తు. క్యాసెట్ అట్ట మీద ప్రతి పాటకూ సినిమా పేరు, గాయకుల పేర్లు స్కెచ్ పెన్నుతో ముత్యాల్లా రాశాను. చివరి వరుసలో ఏం రాశానో తెలుసా? "తత్వం, మా వీధి తాత". పేరు అడగనే లేదు.

తర్వాత ఎప్పుడో చదివాను. పాడేవాళ్లకు తమ గొంతు మీద హక్కు ఇస్తూ మన కాపీరైట్ చట్టానికి 1994లో చేసిన సవరణ అమల్లోకి వచ్చింది సరిగ్గా 1995 మే నెలలోనే. సొంతానికి రికార్డు చేసుకుంటే తప్పు లేదని అదే చట్టం అంటుంది. అంటే నేను నేరం చేయలేదు, సరే. మనసుకు మాత్రం ఆ సెక్షన్ పట్టదు.

ఇంట్లో పాటలు ఎక్కించుకుంటే సంగీతం చచ్చిపోతుందని 1980ల్లో బ్రిటన్ రికార్డు కంపెనీలు గోల పెట్టాయి. చావలేదుగా! నన్నడిగితే గాయకుణ్ణి చంపేది పేరు లేకపోవడం. వాట్సాప్‌లో రోజూ చూస్తున్నాం: పల్లె పాట ముక్క, కింద ఎవరిదో చానెల్ ముద్ర, పైన డీజే మోత, పాడినావిడ పేరు ఎక్కడా ఉండదు. దాన్ని పదిమందికి పంపి "ఫోక్‌ను సపోర్ట్ చేస్తున్నాం" అంటారు. వాళ్లే ఏదైనా కచేరీ ఉందంటే ముందు అడిగే మాట "పాస్‌లున్నాయా?" బిర్యానీకి ఎవరూ పాస్ అడగరు.

వినడం ఒక్కటే చాలదు. స్పాటిఫైలో 2024 నుంచి ఏడాదిలో వెయ్యిసార్లు వినని పాటకు రికార్డింగ్ రాయల్టీ అసలు లెక్కే కట్టరు. గాయకులు తమ పాటలు నేరుగా అమ్ముకునే వెబ్‌సైట్ బ్యాండ్‌క్యాంప్‌లో అయితే పాట కొనొచ్చు. డిజిటల్ అమ్మకాల్లో ఆ సైటువాళ్ల వాటా మామూలుగా 15 శాతం. కరోనా రోజుల్లో, 2020 మార్చిలో మొదలుపెట్టిన బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే అనే కొన్ని శుక్రవారాల్లో ఆ వాటా కూడా వదులుకుంటారు. మన కార్డులో విదేశీ చెల్లింపులు ఆన్ చేసుకునే తంతు ఒకటుంది, ఓపిక పట్టండి. మన పల్లె గాయకుల్లో ఎక్కువమంది అక్కడ ఉండరు. యూట్యూబ్‌లో పాట కింద వాళ్లే నంబరు ఇచ్చి ఉంటే, టీ మానేసైనా వంద రూపాయలు నేరుగా పంపుతాను.

క్యాసెట్ల పిచ్చి కూడా పోలేదు. ఏటా మేనల్లుడి పుట్టినరోజుకు పది పాటలు పెన్‌డ్రైవ్‌లో వేసిస్తాను. అన్నీ కొన్నవే. జతగా ఒక కాగితం, దాని మీద ప్రతి పాటకూ పాడినవాళ్ల పేరు, ఊరు.

పోయిన నెల వాడు వాళ్లమ్మ పాత క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. ఒక్కో పాటకూ వివరాలు నింపుకుంటూ వచ్చి, చివరిదాని దగ్గర ఆగి ఫోన్ చేశాడు. "మామా, కుక్కర్ కూసే పాటకు ఆర్టిస్ట్ పేరు ఏం రాయాలి?"

ఊరెళ్లినప్పుడల్లా అడుగుతూనే ఉన్నా. ఆ రోజుల్లో ప్రొద్దుటూరులో ఉన్నవాళ్లు ఇది చదువుతుంటే కాస్త గుర్తుచేసుకోండి: శనివారాలు, తంబూర, చిడతలు, ఎడమ కంటి కింద పెద్ద పుట్టుమచ్చ. పేరు తెలిస్తే కింద రాయండి.