ఆంధ్రప్రదేశ్‌లోని దొనకొండ పాత విమానాశ్రయం స్థలంలో ఇళ్ల ప్లాట్లు వేయొచ్చా?

ఇప్పుడున్న పరిస్థితిలో కుదరదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్‌వాళ్లు వేసిన రన్‌వే అది. విమానాలు దిగకపోయినా, ఆ భూమి ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియాది, అంటే కేంద్ర సంస్థది. ఖాళీగా ఉంది కదా అని పంచాయతీ గానీ, రాష్ట్రం గానీ తమంతట తాము లేఅవుట్ వేయలేవు. ముందు ఆ సంస్థ భూమిని వదులుకోవాలి, ఆ తర్వాతే లేఅవుట్ అనుమతి మాట.

అనుమతొచ్చినా పని తేలిక కాదు. రన్‌వేని గట్టిగా, చదునుగా కడతారు. అక్కడ వాననీరు ఇంకదు. దాన్ని పగలగొట్టి తీసేయాలి, కాలువలు కొత్తగా తవ్వాలి. ఆ ఖర్చంతా చివరికి ప్లాటు రేటు మీదే పడుతుంది.

ఎవరైనా 'ఎయిర్‌పోర్ట్ స్థలంలో ప్లాటు' అంటూ అడ్వాన్స్ అడిగితే తొందరపడొద్దు. సర్వే నంబరు తీసుకుని, అది రిజిస్ట్రేషన్ శాఖ 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో, ఉందేమో చూడండి. ఈసీ (ఆ భూమి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం) కూడా తీయించండి. 'ఎయిర్‌పోర్ట్ పక్కన ప్లాటు' అన్నా సరే, ఇదే పని చేయండి.